వెంకటపతి బావ చూసిన పటాలు

మా వెంకటపతి బావకు చెవులు వినపడవని తిరుత్తణి మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు మా అక్క దేవకి, ఇంకొకణ్ణి నేను. మూడో మనిషికి తెలియకూడదని బావ మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఈ మాత్రానికి ఒట్లెందుకని నేను విసుక్కున్నాను.

"చెవిటోడని తెలిసిందంటే నా మాటకి నవ్వరురా ద్వారకా. నన్ను చూసి నవ్వుతారు" అన్నాడు బావ.

ఆ మాట అన్నది పంతొమ్మిది వందల ఎనభైలో. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్ళు. నేను చేనేత సొసైటీలో గుమాస్తాను. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు భూదేవంత ఓర్పు. బావామరుదులం కాబట్టి ఒకరినొకరం ఎంత మాటైనా అనుకునేవాళ్ళం, ఈ ఒక్క సంగతి తప్ప.

ఆయన మాట కోసం వీధి ఎదురుచూసేదని చెబితే బయటివాళ్ళకు నమ్మశక్యంగా ఉండదు. సినిమాను మా వైపు పటం అంటాం. కొత్త పటం ముందుగా తిరువళ్ళూరులో పడేది. అది మా ఊరి కొట్టాయికి, అంటే డేరా సినిమాకి, రావాలంటే మూడు నెలలు పట్టేది. అన్నాళ్ళు ఆగే మనిషి కాదు బావ. ప్రతి ఆదివారం పొద్దున్నే బయల్దేరి, అరక్కోణంలో బండి మారి తిరువళ్ళూరు వెళ్ళి, పగటి ఆట చూసి, సాయంత్రానికి వేలాయుధం టీ కొట్టు బల్ల మీదికి చేరేవాడు. వేలాయుధం ఆయనకంటే రెండేళ్ళు చిన్నవాడు, చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. మగ్గాలవాళ్ళు పదిహేను ఇరవై మంది అప్పటికే అక్కడ కూర్చుని ఉండేవాళ్ళు.

"పటం ఎట్లుండాదన్నా?" అని వేలాయుధం అడిగేవాడు.

బావ టీ ఒక గుక్క తాగి రెండు మాటలు చెప్పేవాడు. అంతే. మూడు నెలల తరవాత మా ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కొట్టాయికి పోవాలా, ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టుకోవాలా అన్నది ఆ రెండు మాటలతో తేలిపోయేది.

చెవులు బాగున్న రోజుల్లో కూడా ఆయన కథ గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. నేతగాడి కన్ను ఆయనది. ఒకసారి, అనాథపిల్ల కష్టాల పటం ఒకటి చూసొచ్చి, "పేదపిల్ల చీరకి అతుకులుండాయి, నిజమే. ఆ చీర మాత్రం నూరో నంబరు సన్న నూలు. దానికి అన్నం పెట్టే జమీందారమ్మ కట్టింది అరవయ్యో నంబరు ముతక. ఎవరు ఎవరికి అన్నం పెట్టాలో మీరే చెప్పండి" అన్నాడు. ఇంకోసారి, హీరో పదిమందిని చితకబాదిన పటం గురించి, "అంత కొట్లాటలోనూ చొక్కా ఇస్త్రీ చెదరలే. ఆ గుడ్డ యాడ నేసినారో కనుక్కోండప్పా, మనమూ అదే నేద్దాం" అన్నాడు. చెప్పేటప్పుడు ముఖంలో నవ్వు కనపడనిచ్చేవాడు కాదు.

ఆయన చెవులు పోయింది గోపాలన్ మగ్గాల షెడ్డులో. అంతకుముందు ఇంట్లో గుంట మగ్గం మీద లుంగీలు నేసేవాడు. చేతి మగ్గానికి పని తగ్గిపోయి, డెబ్బై మూడులో పవర్‌తరికి పోయాడు. కరెంటు మగ్గాన్ని మా వాళ్ళు అట్లాగే అంటారు. రేకుల కప్పు కింద పదహారు తరులు ఒక్కసారిగా ఆడుతుంటే బయట రోడ్డు మీద పోయేవాడికే తల పగిలేది. లోపల పదిగంటలు నిలబడేవాడి సంగతి చెప్పేదేముంది. ఏడేళ్ళు నిలబడ్డాడు. మొదట పాలవాడి సైకిలు బెల్లు పోయింది. తరవాత పెంకుల మీద వాన చప్పుడు పోయింది. ఒకరోజు మా అక్క వెనక నుంచి నాలుగుసార్లు పిలిచి, అయిదోసారి భుజం తట్టి, ముఖంలోకి చూసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

మద్రాసు తీసుకుపోయి చూపించాం. నరం చచ్చిపోయింది, ఇక రాదు, జేబులో పెట్టుకునే మిషను ఒకటుంది, దాని తీగ చెవిలో పెట్టుకుంటే కొంచెం వినపడవచ్చు అన్నాడు డాక్టరు. తీగ చూస్తే లోకానికంతా తెలిసిపోతుందని బావ మిషను వద్దన్నాడు. ఒట్టు వేయించుకున్నది ఆ రోజు తిరుగు ప్రయాణంలోనే.

ఆయన ధైర్యమంతా ఒక్కదాని మీద. షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని అక్కడి వాళ్ళందరూ ఎదుటివాడి పెదవులు చూసే మాట్లాడుకుంటారు. "నూలు తెగింది", "కండె అయిపోయింది", "టీకి పోదామా", అంతా పెదవుల మీదే. ఏడేళ్ళలో బావ అందులో ఎవరికీ అందనంత ఆరితేరాడు. మనిషి ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడితే చాలు, ఒక్క అక్షరం పోనిచ్చేవాడు కాదు. టీ కొట్టులో ఎప్పుడూ గోడకు ఆనుకుని, అందరి ముఖాలూ కనపడేటట్టు కూర్చునేవాడు. మూడేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదంటే అది ఆ చోటు మహిమే.

వచ్చిన చిక్కల్లా పటాల్లోనే. షెడ్డులో అందరూ మాట్లాడేది తెలుగు. బావ పెదవులు చదవడం నేర్చుకున్నది తెలుగులో. తెర మీద వాళ్ళు మాట్లాడేది అరవం. బావకు అరవం రాక కాదు, మా అందరికీ రెండూ ఒకటే. కానీ కన్నుకు అలవాటైంది తెలుగు పెదవి. తెర మీద అరవ నోరు ఆడుతుంటే ఆయన కన్ను దాన్ని తెలుగు చేసుకునేది.

ఒట్టు వేసిన రెండో నెలలో అనుకుంటాను, ఒక ప్రేమకథ చూసొచ్చాం. ఆ రోజుల్లో ఆయన వెంట నేనూ పోవడం మొదలుపెట్టాను. అందులో హీరోయిన్ పేరు సెల్లమ్మ. ఆ పేరుతో పాట అప్పటికే ఊళ్ళో రేడియోల్లో మోగుతోంది. హీరో ఆమె వెంటపడి "సెల్లమ్మా, సెల్లమ్మా" అని పిలుస్తుంటాడు. సాయంత్రం టీ కొట్టులో వేలాయుధం అడిగాడు. బావ గుక్క తాగి చెప్పాడు.

"ఏం పటమప్పా అది. ఆ పిల్లని చెల్లెమ్మా చెల్లెమ్మా అని మూడు గంటలు పిలస్తాడు. పిలిచి పిలిచి ఆఖరికి తాళి కట్టేసినాడు. కన్నతల్లి పక్కనే నిలబడి అక్షింతలు వేస్తా ఉండాది. ఇది మన ఇండ్లల్లో చూపించే పటమా?"

ఇంక బయటపడిపోయిందనుకున్నాను. అంతలో కొట్టు కొట్టంతా గొల్లున నవ్వింది. వేలాయుధం కళ్ళు తుడుచుకుంటూ, "సెల్లమ్మని చెల్లెమ్మ చేసినాడ్రా! ఈ బుర్ర ఎవరికుండాది?" అన్నాడు. బావ ఆ పెదవులు చూసి తాను ఎక్కడ తప్పిందీ తెలుసుకున్నాడు. ముఖంలో మాత్రం ఏమీ మారనివ్వలేదు. ఇంకో గుక్క తాగాడు.

ఇంటికి పోతూ నేను కోప్పడ్డాను. "చూసొచ్చిన తరవాత రైల్లో నేను కథ చెప్తా, అది చెప్పు వాళ్ళకి. ఈ గండం యాలబ్బా మనకి" అన్నాను.

"నువ్వు చెప్తే అది నువ్వు చూసిన పటం అవుతాదిరా" అన్నాడు. "నేను చూసిందే నేను చెప్తా."

ఆ మాట మీదే నిలబడ్డాడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా, వాళ్ళేమన్నారు, వీళ్ళేమన్నారు అని నన్ను అడగలేదు. ఆయన పేరు అంతకంతకూ పెరిగింది. తిరువాలంగాడు నుంచి కూడా ఒకరిద్దరు ఆదివారం సాయంత్రం వచ్చి కూర్చునేవారు. కోర్టు పటం ఒకటి చూసి, "అందరూ నోరు తెరిచినోళ్ళు తెరిచినట్లే ఉండారు. జడ్జి ఒక్కడు మూసుకున్నాడు. ఉన్నోళ్ళలో తెలివైనోడు ఆయనే" అన్నాడు. ఆ మాట మా సొసైటీ మీటింగుల్లో ఏడాది పాటు వాడుకున్నాం. అందరూ అది హాస్యమనే అనుకున్నారు. రెండు గంటలకు పైగా చీకట్లో కూర్చుని, ఆడే నోళ్ళ మధ్య ఆడని నోరు ఒక్కటి కనపడితే ఆ మనిషికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో నాకు తెలుసు. తెలిసి నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి.

ఎనభై మూడు ఆడి నెలలో, అంటే జూలైలో, ఒక కుటుంబ కథ వచ్చింది. పేరుకి కుటుంబ కథేగాని జనం పోయింది అందులోని కామెడీ కోసం. కామెడీ అంతా ఒక చెవిటి వాడి మీద. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ? ఆఁ?" అంటాడు. పెళ్ళాం ఒకటి చెబితే వాడు ఇంకొకటి చేస్తాడు. హాలు దద్దరిల్లిపోతోంది. పెళ్ళాం పాలు పొంగుతున్నాయని అరిస్తే వాడు అరవంలో పాల్ అన్నది ఆళ్ అని విని, మనుషులొచ్చారనుకుని చొక్కా తొడుక్కుని, వీధి తలుపు తీసి, లేని చుట్టాలకు దణ్ణం పెట్టాడు. నాకు నవ్వాగలేదు. పక్కన ఎవరున్నారో మరిచిపోయి, ముందు కుర్చీ పట్టుకుని వంగి వంగి నవ్వాను. తలెత్తేసరికి బావ తెర వైపు చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు.

ఆ నవ్వు నేను ఇప్పటికీ దిగమింగలేకపోతున్నాను. ఎవరి ముందు నవ్వకూడదో ఆయన ముందే నవ్వాను.

బండిలో కిటికీ దగ్గర కూర్చున్నాడు. తిరువాలంగాడు దాటిన తరవాత నా వైపు తిరిగి మొట్టమొదటిసారి అడిగాడు.

"ఆ తలుపు దగ్గిర ఆ ఆడామె ఏమన్నింది?"

చెప్పాను. పాలు పొంగడం, వాడు మనుషులొచ్చారనుకోవడం, అన్నీ విడమరిచి చెప్పాను. చెప్పేటప్పుడు అందులో నవ్వొచ్చేది ఒక్కటీ కనపడలేదు నాకు.

"నవ్వొచ్చేదే లే" అన్నాడు బావ. అరక్కోణం వచ్చిందాకా ముఖం కిటికీ వైపే పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం టీ కొట్టు కిక్కిరిసి ఉంది. చెవిటి కామెడీ గురించి అప్పటికే ఊళ్ళోకి కబురొచ్చింది. షెడ్డు యజమాని గోపాలన్ కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వేలాయుధం అడిగాడు. బావ ఆ రోజు గుక్క తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పాడు.

"పటం బాగుండాది, పొండి. ఆ చెవిటోడి వేషం వేసినోడికి మాత్రం పని తెలీదు. చెవిటోడు ఆఁ ఆఁ అని అడగడప్పా. అడిగితే తెలిసిపోతాదని వాడికి భయం. పక్కనోళ్ళు నవ్వితే చూసి తానూ నవ్వుతాడు. ఏమడిగినా సరే అంటాడు. ఆ మాదిరి అరవనూ అరవడు. తన గొంతు యాడిదాకా పోతాదో వాడికి తెలీదు గదా, దాంతో మెల్లిగా మాట్లాడతాడు. వేషం వేసే ముందు తెలిసినోణ్ణి ఎవర్నన్నా అడగాల. నన్నడిగినా చెప్పుందును. నేనూ చెవిటోణ్ణే."

కొట్టు విరగబడి నవ్వింది. ఒకడు బల్ల మీద చరిచాడు. గోపాలన్ నవ్వలేక దగ్గాడు. మూడేళ్ళుగా బావ ముఖం గంటు పెట్టుకుని చెప్పిందల్లా హాస్యమే. ఇది ఇంకా పెద్ద హాస్యమనుకున్నారు. బావ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చాడు. నిజం చెప్పినా వినేవాడు లేడని ఆయనకు అర్థమైంది. నేను మాత్రం తల దించుకుని ఉన్నాను.

నన్ను వేలాయుధం చూశాడు. నా ముఖంలో ఏం కనపడిందో గాని అతని నవ్వు ఆగిపోయింది. అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అతను బావకు ఎదురుగా వచ్చి నిలబడి, గొంతులో చప్పుడు రానీయకుండా పెదవులు మాత్రం కదిపాడు.

బావ తలెత్తి పైకే జవాబు చెప్పాడు. "నిజమే వేలాయుధం. మూడేండ్లాయె."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ వినని ప్రశ్నకు బావ జవాబు చెప్పాడని ఒకరి తరవాత ఒకరికి తెలిసింది. వేలాయుధం "అన్నా" అని చేతులు పట్టుకున్నాడు. బావ చల్లారిపోయిన టీ అప్పుడు తాగాడు.

ఇంటికి వచ్చిన తరవాత మా అక్క భయపడిపోయింది. పని పోతుందేమోనని ఆమె దిగులు. పని పోలేదు. "షెడ్లో ఎవరికి వినబడతాది గనక. తరి ఆడితే చాలు" అన్నాడు గోపాలన్. ఎవరూ చెవిటోడా అని పిలవలేదు. వీధిలో ఒక్కరు కూడా వెక్కిరించలేదు. ఒట్టు ఇన్నాళ్ళు అనవసరంగా మోశామేమో అని మా అక్క నాతో అన్నది. రెండు రోజులు నేనూ అట్లాగే అనుకున్నాను.

మూడో రోజు నుంచి చూస్తున్నాను. వీధి వీధంతా బావతో అరిచి మాట్లాడుతోంది. జాలి ఎక్కువైన కొద్దీ అరుపు పెరుగుతోంది. ఆ మాదిరి నోరు తెరిచి అరిస్తే పెదవి చదవడానికి ఏముంటుంది? మూడేళ్ళు ఎవరి మాటా పోనివ్వని మనిషి, వాళ్ళు అరవడం మొదలుపెట్టిన తరవాత నిజంగా చెవిటివాడయ్యాడు. "ఏమి? ఏమి?" అని అడగాల్సి వచ్చింది. కొందరు ఇంకా దగ్గరికి వచ్చి చెవిలో అరిచేవారు. అప్పుడు ముఖమే కనపడేది కాదు.

తరవాతి ఆదివారం కూడా తిరువళ్ళూరు వెళ్ళాం. ఆయన మానేస్తాడనుకున్నాను, మానలేదు. సాయంత్రం బల్ల మీద తన చోట్లోనే కూర్చున్నాడు. వేలాయుధం టీ తెచ్చి ఆయన చేతికిచ్చి, నా వైపు తిరిగాడు.

"ద్వారకా, పటం ఎట్లుండాది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళుగా ఆయన్ని అడిగే ప్రశ్న అది. ఆయన అక్కడే కూర్చుని ఉండగా నన్నడుగుతున్నాడు.

"నేను నిద్రపోయినా. చూసింది బావ. ఆయన్నే అడుగు. అరవబాక, మామూలుగా అడుగు" అన్నాను.

వేలాయుధం సిగ్గుపడి బావకు ఎదురుగా కూర్చుని, మామూలుగా అడిగాడు. బావ ముఖం వెలిగింది. గుక్క తాగాడు.

"కవలపిల్లల కథ. ఒకడికి మీసం ఉండాది, ఇంకొకడికి ల్యా. మీసం ల్యానోడు ఇంటికొస్తే కన్నతల్లి మీసం ఉన్నోడనుకోని అన్నం పెడతాది. ఇంట్లో ఒక ఆవుండాది. అది మొదటి రీల్లోనే వాణ్ణి గుర్తుపట్టి పొడిచింది. ఆ ఆవుకే తల్లి వేషం ఇచ్చుంటే పటం ఒక గంటలో అయిపోయుండును. మాకు మూడు గంటల బండి దొరికుండును."

ఎంత బాగా చెప్పాడు. బావ చెప్పిన వాటన్నిట్లోకీ అదే గొప్పదని నేను ఇప్పటికీ అంటాను. చెప్పి, ఎప్పటిలాగే గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని వాళ్ళ కోసం ఆగాడు.

ఎవరూ నవ్వలేదు. పరామర్శకు వచ్చిన వాళ్ళలాగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒకాయన "పాపం, బాగా చెప్పినాడు" అన్నాడు. ఇంకొకరు అవునన్నట్టు తలాడించారు. ఆయన్ని చూసి నవ్వినట్టు అవుతుందేమోనని అందరికీ భయం. నేనైనా నవ్వాల్సింది. నాకూ నవ్వు రాలేదు.

బావ అందరి ముఖాలూ చూశాడు. గ్లాసు దించి నా వైపు వంగి, మెల్లిగా అడిగాడు.

"వాళ్ళకి వినబళ్ళేదారా?"

"వినబడింది బావా" అన్నాను.